క్రోన్స్ వ్యాధి – అదుపు తప్పే విరేచనం: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన విషయాలు

రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మనవారు పెళ్ళిపందిట్లో కూర్చుని కూడా మాట్లాడుకుంటారు. కాని దారిలోనో, బస్సులోనో, పనిలోనో ఉండగా ఆపుకొనలేక బట్టలలోనే విరేచనమైపోతే ఆ సంగతి భార్య భర్తకు చెప్పదు, కొడుకు తల్లికి చెప్పడు, చివరకు రోగి వైద్యునికి కూడా చెప్పడు. చెప్పకపోవడం వలన బాధ తగ్గదు సరికదా, చికిత్స సగంలో ఆగిపోతుంది. అందుచేత ఈ పాఠంలో ఆ విషయాన్నే సూటిగా చర్చించదలచాను. పాఠకమహాశయులు, ముఖ్యంగా ఇంటిని నడిపే తల్లులు, ఏవగింపు విడిచి తుదివరకు చదువవలెనని మనవి.

ఉప్పాడలో నా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది రెండు వృత్తులవారు. ఒకరు గుంట మగ్గం మీద జాందానీ చీరలు నేసేవారు, రెండవవారు సముద్రం మీద వేటకు వెళ్ళేవారు. ఒకరు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి గంటల తరబడి కదలక కూర్చోవలెను. మరొకరికి నావ ఒడ్డుకు చేరేవరకు చాటు ఉండదు. కడుపు చెప్పిన మాట వినని వానికి ఈ రెండు వృత్తులూ కఠినమైనవే. పట్టణంలో కార్యాలయానికి వెళ్ళే గుమస్తాకు, బడిలో పాఠం చెప్పే పంతులమ్మకు, కళాశాలలో చదివే పిల్లవానికి కూడా ఇదే కష్టం వేరొక రూపంలో ఎదురవుతుంది.

వ్యాధి స్వరూపం

క్రోన్స్ వ్యాధి అనగా జీర్ణమార్గంలో దీర్ఘకాలం నిలిచి ఉండే శోథ, అనగా వాపు, పుండ్లు. దీనిని పోలిన రోగులను 1913లో స్కాట్లండు శస్త్రవైద్యుడు కెన్నెడీ డాల్జీల్ వర్ణించాడు. 1932లో న్యూయార్క్ నగరంలోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు దీనిని ప్రత్యేక వ్యాధిగా ప్రకటించారు. అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందుండుటచే వ్యాధికి ఆయన పేరే స్థిరపడింది.

ఈ వ్యాధి నోటి నుండి గుదం వరకు ఎక్కడైనా రావచ్చును. ఎక్కువగా చిన్న ప్రేగు చివరి భాగంలోను, పెద్ద ప్రేగు మొదటి భాగంలోను కనిపిస్తుంది. ఒకచోట పుండు, దాని పక్కన ఆరోగ్యమైన భాగం, మళ్ళీ పుండు, ఇలా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పుండు పైపొరతో ఆగక ప్రేగు గోడ మందమంతటా వ్యాపించుటచే కొందరికి ప్రేగు ఇరుకై పోతుంది, కొందరికి గుదం పక్కన చీముగడ్డలు, భగందరం ఏర్పడుతాయి. కడుపునొప్పి, పలుమార్లు విరేచనాలు, బరువు తగ్గుట, జ్వరం, రక్తహీనత దీని సామాన్య లక్షణాలు. ఇది కొంతకాలం శాంతించి, మళ్ళీ విజృంభిస్తుంది. యువకులలోనే ఎక్కువగా మొదలవుతుంది.

దీనికి కారణం ఒక్కటి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి దారితప్పి ప్రేగునే బాధించుట, వంశంలో వచ్చే స్వభావం, ప్రేగులోని సూక్ష్మజీవులు, పొగాకు మొదలైన బాహ్యకారణాలు కలసి పనిచేస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. రోగి తిన్న కంచంలో తిన్నందువలన, అతడు వెళ్ళిన మరుగుదొడ్డికి వెళ్ళినందువలన ఇది రాదు. ఎవరో 'మందు పెట్టడం' వలన వచ్చినదీ కాదు. కడుపులో మందు కక్కిస్తామని పసరులు త్రాగించేవారి వద్దకు ఇటువంటి రోగిని తీసుకొనిపోవడం ప్రాణాపాయకరం.

ఒకప్పుడు ఇది పాశ్చాత్య దేశాల వ్యాధి అనుకొనేవారు. ఇప్పుడు మన పల్లెలలో కూడా కనిపిస్తున్నది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వంటి సంస్థలలో ఈ వ్యాధికై ప్రత్యేక వైద్యులు ఉన్నారు. మన దేశంలో మరొక చిక్కు కలదు. ప్రేగుల క్షయ అచ్చంగా ఈ వ్యాధివలెనే, అదే చోట, అవే లక్షణాలతో వస్తుంది. క్షయ ఉన్నవానికి క్రోన్స్ అనుకొని స్టెరాయిడ్లు ఇచ్చినచో క్షయ విజృంభిస్తుంది. కనుక కొలనోస్కోపీ చేయించి, చిన్న ముక్క తీసి పరీక్షించి, నిర్ణయం చేసిన తరువాతనే చికిత్స ప్రారంభించవలెను. నాడి చూచినంతనే క్రోన్స్ అని చెప్పేవానిని నమ్మరాదు.

ఆయుర్వేద దృష్టి

చరకసంహిత చికిత్సాస్థానంలో పదునైదవ అధ్యాయం గ్రహణీరోగానికి సంబంధించినది, పందొమ్మిదవది అతిసారానికి సంబంధించినది. గ్రహణి అగ్నికి అధిష్ఠానం. పచ్చిగా ఉన్న అన్నాన్ని పట్టి నిలిపి, పక్వమైన దానిని క్రిందికి విడుస్తుంది. అది దుర్బలమైనప్పుడు అన్నం పక్వం కాకుండానే మాటిమాటికీ వెలువడుతుంది. పట్టి నిలిపే శక్తి నశించుట అనే ఈ భావన మన నేటి విషయానికి ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

అయితే గ్రహణి అనగానే క్రోన్స్ అని, క్రోన్స్ అనగానే గ్రహణి అని సమీకరించరాదు. పూర్వులు లక్షణాలను బట్టి పేరు పెట్టారు. ప్రేగు గోడను లోపలినుండి చూచే సాధనాలు వారికి లేవు. గురుకులంలో నేర్చిన శాస్త్రం మీద నాకు అపారమైన గౌరవం కలదు. ఆ గౌరవంతోనే చెబుతున్నాను. ఈ వ్యాధిని సమూలంగా తీసివేసే ఆయుర్వేద ఔషధం ఉన్నదని నేను చెప్పను. అల్లోపతి కూడా దీనిని అణచి ఉంచగలదేగాని పూర్తిగా తీసివేయలేదు. వ్యాధి నిపుణుడైన వైద్యుడు ఇచ్చిన మందులు మానకుండా వాడుకొంటూ, ఆహారవిహారాలలో మన శాస్త్రం చెప్పిన క్రమశిక్షణను జోడించుకొనుటయే రోగికి శ్రేయస్సు.

అదుపు ఎందుకు తప్పుతుంది?

ఆసనం పైభాగాన మలం వచ్చి నిలిచే సంచివంటి భాగం ఉన్నది. అది సాగి మలాన్ని నిలుపుకొంటుంది. దాని క్రింద రెండు కండరాల వలయాలు. లోపలిది మన ప్రమేయం లేకుండానే మూసుకొని ఉంటుంది, వెలుపలిది మన ఇచ్ఛ ప్రకారం బిగుస్తుంది. క్రోన్స్ వ్యాధిలో ఈ ఏర్పాటు నాలుగు విధాలుగా చెడుతుంది.

మొదటిది, మలం నీరుగా ఉండుట. గట్టి మలాన్ని నిలుపగల కండరం నీటిని నిలుపలేదు. రెండవది, ఆ సంచి వాచి పుండుపడి సాగే గుణం కోల్పోవుట. కొద్దిగా చేరినా 'ఇప్పుడే, ఈ క్షణమే' అనే తొందర పుట్టిస్తుంది. మూడవది, భగందరం వలన, చీముగడ్డల వలన, వాటికి చేసిన శస్త్రచికిత్సల వలన కండరాల వలయం బలహీనపడుట. నాల్గవది, చిన్న ప్రేగు చివరి భాగాన్ని శస్త్రచికిత్సలో తొలగించినవారికి పైత్యరసం తిరిగి గ్రహింపబడక పెద్ద ప్రేగులోకి దిగి నీళ్ళ విరేచనాలు కలిగించుట. ఈ చివరిదానికి ప్రత్యేకమైన పొడి మందు కలదు. ఆ విషయం వైద్యుని అడుగవలెను. ఈ భాగం తొలగించినవారు బి12 విటమిను పరీక్ష కూడా చేయించుకొనవలెను.

ఈ నాలుగింటికి తోడు భయం. ఒకసారి నలుగురిలో జరిగినవాడు ఇంటి గుమ్మం దాటగానే మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదని వెదుకుతాడు. ఆ భయమే ప్రేగు కదలికను పెంచుతుంది. అందుచే 'ధైర్యంగా ఉండు' అని ఊరక చెప్పినందువలన లాభం లేదు. ధైర్యానికి ఆధారమైన ఏర్పాట్లు చేసి పెట్టవలెను.

దాచిపెట్టుట వలన కలిగే హాని

చరకుడు సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన నాలుగు గుణాలలో ఒకటి భయం లేకుండుట, మరొకటి తన వ్యాధిని ఉన్నదున్నట్లు తెలియజేయగలుగుట. రోగి చెప్పకపోతే నాలుగు కాళ్ళ మంచానికి ఒక కోడు విరిగినట్లే.

ముప్పై ఏండ్లు దాటిన నేతగాడొకడు రెండేళ్ళుగా క్రోన్స్ వ్యాధికి మందులు వాడుతూ, జీర్ణశక్తికి ఏదైనా ఇమ్మని నా వద్దకు వచ్చాడు. జాందానీ నేతలో ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని పువ్వులు తీరుస్తారు. ఈతడు కొన్ని నెలలుగా మగ్గం దిగి, తక్కువ కూలికి కండెలు చుట్టుకొంటున్నాడని మాటల సందర్భంలో తెలిసింది. నొప్పి లేదన్నాడు, జ్వరం లేదన్నాడు. మరి మగ్గం ఎందుకు విడిచావు నాయనా అని అడిగాను.

చాలాసేపటికి తల వంచుకొని చెప్పాడు. "ఆయ్, ఎలా చెప్పమంటారండీ అయ్యగారూ. రెండు సార్లు గుంటలోనుంచి లేచేలోపే అయిపోయిందండి. పక్కన మా బావమరిది. ముందర నెలల తరబడి నేసిన పట్టు చీర. దానికేమన్నా అంటితే యజమానికి ఏం చెప్పుకోనండీ? అందుకే మానేశానండి. రాత్రిళ్ళు కూడా అవుతుందండి. మా ఇంటిదానికి తప్ప ఎవరికీ తెలియదండి."

పెద్ద డాక్టరుగారికి చెప్పావా అని అడిగితే, రోజుకు ఎన్ని సార్లని అడిగారు గాని ఇది అడగలేదండి, నేనూ చెప్పలేదండి అన్నాడు. రాత్రి నిద్రలో విరేచనం కావడం చిన్న విషయం కాదు. ప్రేగులో శోథ చల్లారలేదనడానికి అది ఒక గుర్తు. ఆ సంగతులన్నీ ఒక కాగితం మీద వ్రాయించి డాక్టరు వద్దకు పంపాను. అక్కడ మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని పరీక్షించారు. ప్రేగులో శోథ ఉన్నప్పుడు ఇది పెరుగుతుంది. అది ఎక్కువగా ఉండుటచే మందులు మార్చారు. కొన్ని నెలలకు రాత్రి బాధ ఆగింది, పగటి తొందర తగ్గింది. పూర్తిగా పోలేదు. అయినా మగ్గం ఎక్కాడు. ఇప్పుడు దొడ్డివైపు, లేవడానికి అడ్డంలేని కొసన కూర్చుంటాడు. బావమరిదికి విషయం చెప్పాడు. అతడు లేచినప్పుడు ఎందుకని అడిగేవారు ఇప్పుడు లేరు.

కనుక ప్రతి రోగీ ఒక చిన్న పుస్తకం పెట్టుకొనవలెను. ఏ వేళ విరేచనమైనది, తొందర పుట్టిన తరువాత ఎన్ని నిమిషాలు ఆగగలిగినది, పగలా రాత్రా, రక్తం, జిగట ఉన్నవా, అంతకు ముందు ఏమి తిన్నది, బట్టలలో అయినదా అనే ఆరు విషయాలు రెండు వారాలు వ్రాసి వైద్యునికి చూపించవలెను. నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది.

వేగాన్ని ఆపవచ్చునా?

మలమూత్రాది పదమూడు వేగాలను ఆపరాదని చరకుని ఆదేశం. మలవేగాన్ని ఆపితే కడుపులో, తలలో నొప్పి, ఉబ్బరం, పిక్కల తిమ్మిరి కలుగుతాయని చెప్పాడు. మరి ఈ రోగిని ఆపుకొమ్మని చెప్పవచ్చునా అని కొందరు అడుగుతారు. వేగాన్ని బలవంతంగా అణచుట వేరు, మరుగుదొడ్డి చేరేవరకు నిలుపుకొనే బలాన్ని కండరానికి కలిగించుట వేరు. మొదటిది నిషిద్ధం, రెండవది అవసరం.

యోగంలో మూలబంధం, అశ్వినీముద్ర అని చెప్పే అభ్యాసాలు ఈ బలాన్నే ఇస్తాయి. పడుకొనిగాని, కూర్చుండిగాని, అపానవాయువును ఆపేటప్పుడు ఎట్లు బిగిస్తామో అట్లు గుదకండరాన్ని లోపలికి, పైకి లాగవలెను. ఐదు అంకెలు లెక్కించేవరకు ఉంచి, పది అంకెలు లెక్కించేవరకు పూర్తిగా వదలవలెను. ఊపిరి బిగబట్టరాదు. తొడలు, పిరుదులు బిగించరాదు. ఇట్లు పది సార్లు, రోజుకు మూడు పూటలు చేయవలెను. ఫలితం వారంలో రాదు, రెండు మూడు నెలలు పడుతుంది. గుదం వద్ద చీముగడ్డ, భగందరం, తీవ్రమైన నొప్పి ఉన్నవారు వైద్యుని అనుమతి లేక చేయరాదు.

తొందర పుట్టినప్పుడు పరుగెత్తరాదు. పరుగు వలన కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక్క క్షణం నిలిచి, కండరాన్ని బిగించి, నిదానంగా శ్వాస తీసుకొని, ఆ అల కొద్దిగా వెనుకకు తగ్గినప్పుడు నడవవలెను. మన ఊరి సముద్రంలో దిగేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. అల విరిగిన తరువాతనే నావను తోస్తారు.

ఆహార నియమాలు

అన్నం తిన్న కొద్దిసేపటికి పెద్ద ప్రేగు కదలుట ప్రకృతి ధర్మం. ఉదయంపూట, వేడి కాఫీ, టీలు త్రాగినప్పుడు ఈ కదలిక మరింత ఎక్కువ. కనుక బయటికి వెళ్ళవలసిన వేళకు గంటన్నర, రెండు గంటలు ముందుగా లేచి, తిని, విరేచనం అయిన తరువాత బయలుదేరవలెను. ఒకేసారి కడుపునిండా తినక, కొద్ది కొద్దిగా నాలుగైదు సార్లు తినుట మంచిది.

చాలామంది బట్టలు పాడవుతాయనే భయంతో పూర్తిగా పస్తు ఉంటారు. ఇది పెద్ద అనర్థం. ఈ రోగికి అసలే రక్తం, మాంసం క్షీణిస్తూ ఉంటాయి. పస్తు వలన బలం పోయి, మందులు తట్టుకొనే శక్తి కూడా పోతుంది.

వ్యాధి విజృంభించినప్పుడు మెత్తని బియ్యపు జావ, పేలాల జావ, పలుచని పెసరకట్టు, మన సామర్లకోట ప్రాంతపు సగ్గుబియ్యం జావ, ఉడికించిన అరటికాయ, పొట్టు గింజలు తీసిన సొరకాయ, బీరకాయ, బాగా మాగిన చక్కెరకేళి అరటిపండు అనుకూలం. మాంసాహారులు చందువ వంటి మెత్తని చేపను నూనె, కారం, చింతపండు తగ్గించి ఉడికించి తినవచ్చును. గ్రహణీరోగంలో తక్రాన్ని, అనగా వెన్న తీసిన పలుచని మజ్జిగను, మన శాస్త్రం ఎంతో ప్రశంసించింది. కాని ఈ రోగులలో కొందరికి పాలు, పాలపదార్థాలు అరగవు. పావు గ్లాసు మజ్జిగతో ఆరంభించి, ఉబ్బరం, విరేచనం పెరగకపోతేనే కొనసాగించవలెను.

ప్రేగు ఇరుకుగా ఉన్నదని పరీక్షలో తేలినవారు పీచుపదార్థాలు మానవలెను. పనసపొట్టు కూర, తేగలు, మునగకాడల పిప్పి, మొక్కజొన్న పొత్తులు, వేరుశనగపప్పు వీరికి పనికిరావు. ఇసబ్‌గోల్ కొందరికి నీళ్ళ విరేచనాన్ని చిక్కపరుస్తుంది గాని, ఇరుకు ఉన్నవారికి ప్రేగు మూసుకుపోయే ప్రమాదం తెస్తుంది. ఊరగాయలు, మిక్కిలి కారం, సారాయి తొందరను పెంచుతాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ వ్యాధిని స్పష్టంగా తీవ్రతరం చేస్తాయి. చుట్ట మానుట ఈ రోగికి ఖర్చులేని ఔషధం.

విరేచనాలు ఎక్కువైన రోజున మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగవలెను. ఉప్పు ఈ కొలతకు మించరాదు.

వెంట ఉండవలసిన సంచి

ప్రయాణానికి గొడుగు తీసుకొనిపోయినట్లు ఈ రోగి ఒక చిన్న సంచి తీసుకొనిపోవలెను. అందులో ఒక జత లోదుస్తులు, ఒక లుంగీ లేక చీర లేక పంజాబీ దుస్తు, మెత్తని పాతగుడ్డలు, చిన్న సబ్బు, సీసాతో నీరు, ముడివేయగల రెండు మూడు ప్లాస్టిక్ సంచులు, చర్మానికి పూసే జింకు ఆక్సైడు మలాము, ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉండవలెను. పెద్దవారికి వాడే డైపర్లు మందుల దుకాణంలో దొరుకుతాయి. దూరప్రయాణాలలో వాటిని ధరించుట అవమానం కాదు. కళ్ళజోడు పెట్టుకొనుట అవమానమా? ముదురు రంగు బట్టలు, సులభంగా విప్పుకొనగల ముడులు మేలు.

బస్సులో ముందు తలుపు దగ్గర కూర్చుని, కండక్టరుకు 'నాకు కడుపు జబ్బు, అవసరమైతే ఆపవలెను' అని ఎక్కగానే చెప్పి ఉంచవలెను. అలలు రోడ్డు మీదికి వచ్చే రోజులలో ఉప్పాడ నుండి కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు మూసి, పిఠాపురం మీదుగా పంపిస్తారు. అటువంటి రోజున ప్రయాణం ఎక్కువసేపు పడుతుందని తెలిసి బయలుదేరవలెను. దూరం వెళ్ళేవారికి బస్సుకన్న రైలు మేలు, పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది. రోజూ పోయే దారిలో పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, బంధువుల ఇండ్లలో ఎక్కడెక్కడ మరుగుదొడ్డి ఉన్నదో ముందుగా తెలుసుకొని ఉండుట వలన సగం భయం పోతుంది. వేటకు వెళ్ళేవారు మూత ఉన్న బకెట్టు, అడ్డంగా కట్టుకొనే గుడ్డ నావలో పెట్టుకొనవలెను.

తీరం వెంట ఉండేవారికి మరొక మాట. 1996 నవంబరు తుపాను వంటివి మన జిల్లా చూచినదే. తుపాను ఆశ్రయంలో వందలమంది మధ్య ఉండవలసి వచ్చినప్పుడు ఈ సంచితో పాటు రెండు వారాల మందులు తడవని కవరులో సిద్ధంగా ఉండవలెను.

జరిగిన తరువాత

బట్టలలో అయిపోయినప్పుడు ముందుగా సాధ్యమైనంత త్వరగా శుభ్రపరచుకొనవలెను. మలం చర్మం మీద నిలిస్తే ఒరిసి పుండుపడుతుంది. గట్టిగా రుద్దక, నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఆరిన తరువాత జింకు మలాముగాని, పలుచగా కొబ్బరినూనెగాని పూయవలెను. డెట్టాలు వంటి ఘాటైన ద్రవాలు, పసుపు, సున్నిపిండి ఆ భాగానికి వాడరాదు.

బట్టలను మొదట చల్లని నీటిలో జాడించి, ఆ తరువాత సబ్బు, వేడినీరు వాడవలెను. ముందే వేడినీరు పోస్తే మరక పట్టుకొంటుంది. పరుపు మీద రబ్బరు గుడ్డ, దానిమీద మడత దుప్పటి వేసుకొంటే రాత్రి జరిగినా ఇల్లంతా లేవనక్కరలేదు.

ఇంటివారి ధర్మం

పరిచారకునికి చరకుడు చెప్పిన గుణాలలో ప్రేమ, శుభ్రత రెండూ ఉన్నాయి. ప్రేమలేని శుభ్రత రోగిని పొడుస్తుంది. మడి, ఆచారం పాటించే ఇండ్లలో ఈ రోగిని వేరుగా కూర్చోబెట్టి, అతని బట్టలు కర్రతో తీసి వేయడం చూచాను. స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకొన్న తరువాత అతనికి ఏ అంటూ లేదు. అత్తగారు కోడలితో, తండ్రి కొడుకుతో ఈ విషయంలో పరుషమైన మాట అనరాదు. ఇది బద్ధకం వలన, అజాగ్రత్త వలన జరుగునది కాదు. వారు పిలిచినప్పుడు వెంటనే మరుగుదొడ్డి ఖాళీ చేసి ఇచ్చుట, రాత్రి ఆ దారిలో దీపం వెలిగించి ఉంచుట, శుభకార్యానికి వెళ్ళినప్పుడు తోడు ఉండుట, నలుగురిలో ఆ ప్రస్తావన ఎత్తకుండుట, ఈ నాలుగూ ఇంటివారు చేయవలసినవి.

పెళ్ళి కావలసిన పిల్లలకు వ్యాధి ఉన్నప్పుడు దాచి పెళ్ళి చేయుట ఇరువురికీ అన్యాయమే. ఈ వ్యాధి ఉన్నవారు వివాహం చేసుకొని, పిల్లలను కని, ఉద్యోగాలు చేస్తున్నారు. వ్యాధి శాంతించి ఉన్న కాలంలో, వైద్యుని సలహాతో గర్భం ధరించుట క్షేమం.

చేయరానివి

కడుపునొప్పి అనగానే ఆముదం పట్టించుట మన వైపు అలవాటు. ఈ రోగికి ఆముదం, త్రిఫల, సునాముఖి వంటి విరేచక ద్రవ్యాలు ఇవ్వరాదు. ఇంటిలో ఎనిమాలు, బస్తులు చేయరాదు. గ్రహణికి పూర్వులు వాడిన పర్పటి ఔషధాలలో పాదరసం, గంధకం ఉంటాయి. వాటిని దుకాణంలో కొని స్వయంగా వాడుట మూత్రపిండాలకు ముప్పు. పేరు, పదార్థాలు చెప్పని పొడులలో కొందరు స్టెరాయిడ్లు కలుపుతారు. రెండు రోజులలో అద్భుతంగా గుణమిచ్చే పొడిని అనుమానించవలెను.

కొడిశపాల పట్ట, మారేడు పిందె, తుంగముస్తలు, దానిమ్మ తొక్క విరేచనాలలో పూర్వం నుండి వాడుకలో ఉన్నవే. అయినా ఈ రోగి ప్రేగు వైద్యునికి తెలియజేయకుండా వీటిని వాడరాదు. విరేచనాన్ని కట్టే లోపరమైడ్ మాత్ర ప్రయాణాలలో కొందరికి ఉపయోగపడుతుంది గాని, జ్వరం, రక్తం, కడుపు ఉబ్బరం ఉన్నప్పుడు వేసుకొంటే ప్రమాదం. అది కూడా వైద్యుడు చెప్పిన మోతాదులోనే. ఒంటినొప్పులకు వాడే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు వ్యాధిని రేపవచ్చును. గుదం పక్కన చీము కారుతున్నచో మూలశంక అనుకొని నాటు మందులు, క్షారసూత్రం చేయించుకొనరాదు. ముందు ప్రేగును పరీక్షించి, అది క్రోన్స్ వలన వచ్చిన భగందరమా అని నిర్ణయించవలెను. అన్నింటికంటె ముఖ్యం, బాగున్నదని తోచినంతనే వాడుతున్న మందులు మానరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, మలం, వాయువు రెండూ ఆగిపోవుట. విడవని కడుపునొప్పి. జ్వరంతో కూడిన చీముగడ్డ. ఎక్కువగా రక్తం పడుట. మూత్రం తగ్గి, కళ్ళు తిరుగుట. కొత్తగా రాత్రిపూట నిద్రలో విరేచనం కావడం. చివరిది తప్ప మిగిలినవాటిలో ఏది కనిపించినా అదే రోజున ఆసుపత్రికి చేర్చవలెను. చివరిదానికి ఆ వారంలోనే వైద్యుని కలువవలెను.

ఈ పాఠం చదివినవారిలో ఎవరి ఇంటనైనా ఒకరు తరచుగా విందులకు రాకపోవుట, బయటికి వెళ్ళేముందు తినకపోవుట, ఎవరూ లేవకముందే లేచి తమ బట్టలు తామే ఉతుక్కొనుట గమనించి ఉంటే, వారిని చాటుకు పిలిచి మెల్లగా అడగండి. అడిగిన తరువాత తొందరపెట్టకుండా వినండి. ఆ సంగతులు ఒక కాగితం మీద వ్రాసి, మీరే తోడుండి వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళండి.